అరికమేడు పూసలు, పరమగీతపు ఆభరణములు
ఆచార్య గాబ్రియేల్ జూవో దుబ్రెయి (1885–1945) జీవితము

పరమగీతము ఎనిమిది అధ్యాయముల చిన్న గ్రంథము. అయినను బంగారము, వెండి, దంతము, రత్నములు అందులో ఎంత విరివిగా కనబడుచున్నవో పాత నిబంధన కావ్యభాగములలో మరెక్కడను అంత విరివిగా కనబడవు. కంఠమునకు హారములు, చెక్కిళ్లకు జడకుచ్చులు, వెండి స్తంభముల పల్లకి, అపరంజివంటి శిరస్సు, రత్నములు పొదిగిన చేతులు, హృదయముమీద ముద్ర. ఈ వచనములను చదువువారు సాధారణముగా రెండు విధములలో ఒకటి చేయుదురు. కొందరు ఇవి శరీరసౌందర్యమును గూర్చిన మాటలని సంకోచించి పుట త్రిప్పుదురు. మరికొందరు ప్రతి రత్నమునకు వెంటనే ఒక సిద్ధాంతమును తగిలించి, రత్నమును మరచిపోవుదురు. ఇరువురును విడిచిపెట్టునది ఒక్కటే: ఆ రాతిని పగులగొట్టి, నూరి, తొలిచి, దారమునకు ఎక్కించిన పనివాని చేయి.

ఆ చేతిపనిని మన తూర్పుతీరముననే, పుదుచ్చేరి పట్టణపు పొలిమేరలో, వెలుగులోనికి తెచ్చిన వారిలో మొదట చెప్పవలసినవాడు ఆచార్య గాబ్రియేల్ జూవో దుబ్రెయి. ఆయన వేదవ్యాఖ్యాత కాడు. పరమగీతమునకు అర్థము చెప్పవలెనని ఆయన దిబ్బలవెంట తిరుగలేదు. అయినను ఆయన కన్ను పడిన పూసలు పరమగీతము చెప్పు వస్తువులను మన అరచేతిలో పెట్టుచున్నవి. ఆయన జీవితములో ఆ గీతము చివరి అధ్యాయము తూకము వేయదగిన కార్యమును ఒకటి కలదు. అందువలన ఆ జీవితము తెలిసికొనదగినది.

శాస్త్రబోధకుడు, శిల్పుల శిష్యుడు

జూవో దుబ్రెయి 1885లో, నాడు ఫ్రెంచివారి యేలుబడిలో నున్న వియత్నాము దేశపు సైగాను నగరములో జన్మించెను. 1909లో పుదుచ్చేరికి వచ్చి, అక్కడి వలస కళాశాలలో శాస్త్రబోధకుడుగా పని ప్రారంభించెను. పుదుచ్చేరి అప్పుడు భారతదేశములోని ఫ్రెంచి స్థావరములకు ముఖ్యపట్టణము. కారైకాలు, మాహే, చంద్రనగరములతోపాటు మన గోదావరి ఒడ్డునున్న యానాము కూడ ఆ పాలనక్రిందనే యుండెను.

ప్రయోగశాలలో వస్తువును పరీక్షించు అలవాటుగల ఆ యువకుడు దక్షిణదేశపు దేవాలయములను చూచి ఆశ్చర్యపడెను. ఏది ముందు కట్టబడినది, ఏది తరువాత కట్టబడినది అను ప్రశ్నకు నాడు స్పష్టమైన సమాధానము లేకయుండెను. ఆయన పురాణకథలతో ప్రారంభింపక స్తంభపు బోదెలను, గూళ్లను, చూరులను ఒకదానితో ఒకటి పోల్చి, వాటి ఆకారము తరతరమునకు ఎట్లు మారినదో గుర్తించెను. ఇందుకొరకు గ్రంథములమీదనే ఆధారపడక, వంశపారంపర్యముగా శిల్పవృత్తి చేయుచున్న స్థపతులయొద్దకు వెళ్లి, ప్రతి భాగమునకు వారు వాడు పేరును నేర్చుకొనెను. పండితుడు పనివానికి శిష్యుడాయెను. ఈ పరిశోధనయే 1914లో దక్షిణ భారత పురావస్తువులను గూర్చిన రెండు సంపుటముల గ్రంథముగా పారిసులో వెలువడెను.

ఆంధ్రదేశ చరిత్ర కూడ ఆయనకు ఋణపడియున్నది. పల్లవులను గూర్చిన ఆయన రచన 1917లోను, దక్కను ప్రాచీన చరిత్ర 1920లోను ఇంగ్లీషులో వెలువడెను. రెండవ గ్రంథములో ఆయన శాతవాహనులు, ఇక్ష్వాకులు, శాలంకాయనులు, విష్ణుకుండినులు అను మన రాజవంశములను శాసనముల ఆధారముతో వరుసకు తెచ్చుటకు ప్రయత్నించెను. గుంటూరు సీమలోని గోలి గ్రామమున బౌద్ధస్తూపపు శిల్పములను 1926లో లోకమునకు తెలియజేసినవాడును ఆయనయే.

వస్తువును ముందు చూడుము, దానిని చేసినవానిని అడుగుము, అర్థము తరువాత చెప్పుము అనునదే ఆయన పద్ధతి. పరమగీతమును చదువువారికిని ఈ క్రమము మేలు చేయును. ఏడవ అధ్యాయము మొదటి వచనములో కవి ప్రియురాలి సౌందర్యమును ఆభరణములతో పోల్చి అంతటితో ఆగలేదు. అవి నేర్పరియైన పనివాని చేతులతో చేయబడినవని చెప్పెను. అక్కడి హెబ్రీ పదము చేతివృత్తిలో ఆరితేరినవానికి వాడు పదము. మన భాషలో కంసాలి అనిన చాలును. ప్రేమగీతము నడుమ కవి కంసాలిని తలచుకొనుట సామాన్య విషయము కాదు.

పూసల దిబ్బ

పుదుచ్చేరికి దక్షిణముగా కొద్ది మైళ్ల దూరములో అరియాంకుప్పము ఏరు సముద్రములో కలియుటకు ముందు వంపు తిరుగును. ఆ వంపున, వీరాంపట్టణమను బెస్తవారి గ్రామమునకు సమీపమున, అరికమేడు అను దిబ్బ కలదు. శుక్రగ్రహము సూర్యబింబమును దాటుట చూడవచ్చిన ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞుడు లె జాంతీయ్ 18వ శతాబ్దములోనే అక్కడి పురాతన శిథిలములను గుర్తించి వ్రాసెను. 1770లో పిఞో ద బెహేన్ అను కథోలిక గురువు తన వేదవిద్యాలయమును వీరాంపట్టణమునకు మార్చెను. ఆ కాలపు మిషను భవనముయొక్క మొండిగోడలు దిబ్బమీద నిలిచియున్నవి. పరిశుద్ధ గ్రంథము నేర్చుకొను విద్యార్థుల పాదములక్రింద, ఆ గ్రంథములోని హారములవంటి హారములకు గుచ్చబడిన పూసలు మట్టిలో నిదురించుచుండెను. అది ఎవరికిని తెలియలేదు.

గ్రామపు పిల్లలు మాత్రము ఆ పూసలను ఏరుకొని ఆడుకొనుచుండిరి. జూవో దుబ్రెయి వారియొద్దనుండి వాటిని కొనెను. నేలమీద బయటపడియున్నవాటిని తానును ఏరెను. 1937లో ఆయన చేతికి చెక్కడపు రాయి యొకటి వచ్చెను. దానిమీద మనుష్యుని శిరస్సు చెక్కబడియుండెను. అది ప్రభువు జన్మించిన దినములలో రోమా సామ్రాజ్యము నేలిన ఔగుస్తు కైసరు రూపమని ఆయన గుర్తించి, అరికమేడు రోమీయుల వర్తకముతో సంబంధముగల పట్టణమని పుదుచ్చేరి గవర్నరుకు తెలియజేసెను.

ఆయన ఊహ వృథా కాలేదు. 1940 తరువాత స్థానికముగా త్రవ్వకములు జరిగెను. భారత పురావస్తుశాఖ అధిపతి మార్టిమర్ వీలర్ 1945లో అక్కడ త్రవ్వించి, ఇటలీలోని అరెట్సో నగరపు ఎఱ్ఱని మెరుగు పాత్రల ముక్కలను, ద్రాక్షారసము తెచ్చిన పొడవాటి జాడీల పెంకులను వెలికితీసెను. 1947 నుండి 1950 వరకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కజాల్, 1989 నుండి 1992 వరకు విమలా బెగ్లే ఆ పనిని కొనసాగించిరి. ప్రాచీన గ్రీకు గ్రంథములలో పోదుకే అని పేర్కొనబడిన రేవు ఇదియేయని పలువురు పండితుల అభిప్రాయము. క్రీస్తుకు ముందు శతాబ్దములలోనే అక్కడ జనులు నివసించిరని తరువాతి త్రవ్వకములు చూపెను.

అయితే అరికమేడు కేవలము సరకు దిగు రేవు కాదు. అది పూసలు చేయు కార్ఖానా. కార్నీలియన్ అనబడు ఎఱ్ఱరాయి, అకీకు, గార్నెట్, ఊదారంగు స్ఫటికము, తెల్లని స్ఫటికము అక్కడ పూసలాయెను. కొన్ని పూర్తియైనవి, కొన్ని సగము నూరబడినవి, కొన్ని తొలుచుచుండగా పగిలిపోయినవి దొరికినవి. గాజును కరిగించి సన్నని గొట్టముగా లాగి, ముక్కలుగా కోసి, మరల వేడిచేసి అంచులు గుండ్రముగా చేసిన చిన్నపూసలును అసంఖ్యాకముగా దొరికినవి. ఈ జాతి గాజుపూసలు ఎఱ్ఱసముద్రతీరము మొదలుకొని ఆగ్నేయాసియా వరకు వ్యాపించెను. పూసల చరిత్రను పరిశోధించిన పీటర్ ఫ్రాన్సిస్ అను అమెరికా పండితుడు, ఈ పురాతన విధానము 20వ శతాబ్దములో ఇంకను సజీవముగా నుండుటను ఒక తెలుగు గ్రామములో చూచెను. నేటి తిరుపతి జిల్లాలోని పాపానాయుడుపేటయే ఆ గ్రామము. కొలిమియెదుట కూర్చుండి గాజుగొట్టమును లాగిన ఆ తెలుగు పనివారు అరికమేడు పనివారికి వృత్తిలో వారసులు.

ఒక్క జాగ్రత్త అవసరము. అరికమేడు పూసలు సొలొమోను కాలపువి కావు. అవి అనేక శతాబ్దముల తరువాతివి. కాని రాతిని తొలిచి పూస చేయు విద్య సొలొమోనుకంటె మిక్కిలి ప్రాచీనమైనది. అబ్రాహాము విడిచివచ్చినట్లు చెప్పబడిన ఊరు పట్టణపు రాజసమాధులలో సింధులోయ ఎఱ్ఱరాతి పూసలు దొరికినవి. కావున అరికమేడు పరమగీతమునకు ఋజువు కాదు; దానిలోని పదములకు రుచి చూపు వస్తువు.

గుచ్చబడిన మాటలు

పరమగీతము మొదటి అధ్యాయము పదియవ వచనములో ప్రియురాలి కంఠమునకు శోభ తెచ్చునది హరూజీమ్. ఈ పదము పాత నిబంధన అంతటిలో ఒక్కసారియే వచ్చును. దానికి చుట్టమైన అరబ్బీ పదమునకు పూస అని అర్థము. తొలుచుట, గుచ్చుట అను భావము దానిలో నున్నది. తరువాతి కాలపు హెబ్రీ కవులు ఈ మాటనే అంత్యప్రాసకు పేరుగా పెట్టుకొనిరి. పూసలవలె పాదములు గుచ్చబడునని వారి భావము. తెలుగువారు ఒక సంగతిని వరుస తప్పక చెప్పినవానిని పూసగుచ్చినట్లు చెప్పెననుటయు ఇట్టిదే. తొలువబడని రాయి ఎంత వెలగలదైనను హారములో చేరదు. ఈ సంగతి పూసలు చేయువానికి తెలిసినంతగా మరెవ్వరికిని తెలియదు.

పదకొండవ వచనములో బంగారు సరములకు వెండి చుక్కలు పెట్టుదుమని చెలికత్తెలు పలుకుదురు. బంగారముమీద సన్నని రవ్వలవంటి గింజలను అతుకుట ప్రాచీన కంసాలి నేర్పు. నాలుగవ అధ్యాయము తొమ్మిదవ వచనములో హారమంతయు అక్కరలేక, దానిలోని ఒక్క సరమే ప్రియుని హృదయమును దోచుకొనును.

అయిదవ అధ్యాయములో వర్ణన తలక్రిందులగును. అక్కడ ఆభరణము ధరించినవారి మాట లేదు; ప్రియుడే ఆభరణమైయున్నాడు. శిరస్సు అపరంజి, చేతులు తర్షీషు పొదిగిన బంగారము, శరీరము సప్పీరులు తాపిన దంతపుపని, కాళ్లు అపరంజి దిమ్మెలమీద నిలిచిన చలువరాతి స్తంభములు. ఇక్కడ అనువాదకులకు చిక్కు వచ్చును. తర్షీషు ఒక దూరదేశపు రేవు పేరు. ఒక రత్నము పేరును అదియే. ప్రధానయాజకుని న్యాయవిధాన పతకములో నాలుగవ వరుస మొదటి రత్నమిది. ప్రాచీన గ్రీకు అనువాదకులు నిర్గమకాండములో దీనిని బంగారువన్నె రత్నమనిరి. పరమగీతములోనైతే అర్థము చెప్పక హెబ్రీ పదమునే నిలిపిరి. లాటిను అనువాదకుడు మరియొక పేరు పెట్టెను. సప్పీరు అను పదమును మనవారు నీలమని తర్జుమా చేసిరి. కాని ప్రాచీనులు ఆ పేరుతో పిలిచినది నేటి నీలము కాదని, బదక్షానునుండి వచ్చు లాజవర్ద రాయియని పండితులలో అధికుల అభిప్రాయము. లాజవర్దపు ముదురునీలములో బంగారు నలుసులు మెరయును. యోబు గ్రంథము ఇరువదియెనిమిదవ అధ్యాయము సప్పీరునుగూర్చి చెప్పుచు సువర్ణధూళిని ప్రస్తావించుట దీనికి సరిపోవుచున్నది.

ఈ చిక్కులను తెలుగులో మొట్టమొదట ఎదుర్కొనినవాడు బెంజమిన్ షుల్జ్. 1719లో తరంగంబాడికి వచ్చిన ఈ జర్మను మిషనెరీ, సీగెన్‌బాల్గు విడిచిపోయిన తమిళ పాత నిబంధనను ముగించి, మద్రాసులో తెలుగు నేర్చి, 1732 నాటికి పరిశుద్ధ గ్రంథమును తెలుగున వ్రాసెను. అది అచ్చు కాలేదు. వ్రాతప్రతులు జర్మనీలోని హాలె నగరమునకు చేరెను. దిబ్బలో పూసలున్నట్లే పెట్టెలో ఆ మాటలుండిపోయినవి.

హృదయముమీద ముద్ర

అరికమేడులో ఔగుస్తు శిరస్సుగల రాయి గాక మరియొక చెక్కడపు రాయియు దొరికెను. అది స్ఫటికము, అంచులు ఇంకను సరిచేయబడలేదు. దానిమీద రోమీయుల మన్మథుడైన క్యూపిడ్, అతనితో ఒక పక్షి చెక్కబడియున్నవి. పని పూర్తికాని రాయి యగుటచేత, పడమటిదేశపు చెక్కడపు పద్ధతి నెరిగిన పనివాడు ఈ తీరముననే కూర్చుండి పని చేసియుండునని వీలర్ వంటివారు తలంచిరి.

ముద్రరాతికిని పూసకును భేదము కలదు. పూస చూచుటకు, ముద్ర అచ్చు వేయుటకు. ముద్రమీది బొమ్మ లోనికి చెక్కబడి, కుడియెడమలు తారుమారుగా నుండును. మైనముమీదనో మట్టిమీదనో ఒత్తినప్పుడే దాని నిజరూపము తెలియును. ప్రాచీనకాలమున సంతకము తెలియనివానికి ముద్రయే సంతకము, ముద్రయే అధికారము. దానిని దారమున కట్టి మెడలో వేసికొనుచుండిరి, లేక చేతికి ధరించుచుండిరి. ఆదికాండము ముప్పదియెనిమిదవ అధ్యాయములో యూదా తన ముద్రను దాని దారముతో సహా తామారు చేతిలో పెట్టెను. ఆ ముద్రయే తరువాత అతని పేరు చెప్పి, ఆమె ప్రాణమును కాపాడెను. ముద్రను ఇతరుల చేతికిచ్చుట తన్నుతాను ఇచ్చుకొనుటయే.

ఈ సంగతి తెలిసినప్పుడు పరమగీతము ఎనిమిదవ అధ్యాయము ఆరవ వచనము క్రొత్త కాంతితో కనబడును. అక్కడ ప్రియురాలు హారము కోరలేదు. మొదటి అధ్యాయములో ఆమెకు నగలు చేయించుదుమని పలికిరి. అయిదవ అధ్యాయములో ప్రియుడే నగయాయెను. ఇప్పుడు తానే అతని హృదయముమీద, అతని భుజముమీద ముద్రగా నుండవలెనని ఆమె అడుగుచున్నది. అలంకారముగా మొదలైన రత్నము నిబంధనగా ముగియుచున్నది. ప్రేమ మరణమంత బలవంతమైనదని కవి చెప్పుటకు ఈ ముద్రయే పీఠము. నగను తీసి పెట్టెలో దాచవచ్చును. ఒత్తిన ముద్ర మైనమునుండి వెనుకకు రాదు.

స్థానము తప్పిన మణి

జూవో దుబ్రెయి జీవితములో మరియొక పుటయు కలదు. దానిని దాచుట న్యాయము కాదు. కాంచీపుర ప్రాంతమున పదియవ శతాబ్దపు యోగినీ శిల్పముల సముదాయమొకటి ఆయన కంటబడెను. 1926లో ఆయన వాటిలో అనేకమును పారిసులోని సి. టి. లూ అను పురావస్తు వర్తకునికి పంపెను. ఒక్కచోట ఒక్క వరుసగా కూర్చుండవలసిన ఆ విగ్రహములు ఒక్కొక్కటిగా అమ్ముడై, ఐరోపా, ఉత్తర అమెరికా ఖండముల వస్తుప్రదర్శనశాలలలో చెదరిపోయినవి. ఆ కాలమున పండితులును వర్తకులును ఇట్లు చేయుట అరుదు కాదు. ఆ శిల్పములు క్రైస్తవునికి ఆరాధ్యములు కావు. అయినను, వస్తువును దాని స్థానములో నుంచి చదువవలెనని లోకమునకు నేర్పినవాని చేతిమీదుగానే అవి స్థానము తప్పుట విచారకరము. హారము తెగినప్పుడు ప్రతి పూసయు పూసయే. కాని హారము మిగులదు.

పరమగీతమునకు ఈ అపాయము తెలియును. మూడవ అధ్యాయములో సొలొమోను పల్లకి వెండి స్తంభములతోను బంగారముతోను ఊరేగెను. ఎనిమిదవ అధ్యాయములో అదే సొలొమోనుకు ద్రాక్షతోట కలదు. దాని ఫలమునకు వెయ్యి వెండినాణెములు వచ్చును. ప్రియురాలు ఆ వెయ్యిని రాజునకే విడిచి, తన తోట తనయెదుట నున్నదని తృప్తిపడును. దీనికి ముందే, ఏడవ వచనములో, ప్రేమకొరకు ఒకడు తన ఇంటి సంపదనంతయు ఇచ్చినను అతనికి తిరస్కారమే దొరకునని కవి తేల్చిచెప్పెను. ఇంత బంగారమును, ఇన్ని రత్నములను పోగుచేసిన గీతము, చివరకు వాటిని త్రాసులో పెట్టి, ప్రేమ కొనదగినది కాదని తీర్పు చెప్పుచున్నది. ఆ రత్నములు వెలగా చూపబడలేదు, పోలికగా చూపబడినవి. వెలకును పోలికకును మధ్య గీతను మరచినప్పుడే పండితుడు వర్తకుడగును, భక్తుడును బేరగాడగును.

జూవో దుబ్రెయి 1945లో మరణించెను. ఆయన గుర్తించిన దిబ్బలో వీలర్ పార దిగినది ఆ సంవత్సరముననే. ఆయన గ్రంథములలోని కొన్ని తేదీలను, కొన్ని ఊహలను తరువాతి పండితులు దిద్దిరి. చూచు పద్ధతి మాత్రము నిలిచెను. పుదుచ్చేరి వస్తుప్రదర్శనశాలలో అద్దపు పెట్టెలలో అరికమేడు పూసలు ప్రదర్శింపబడినవి. వాటిలో గోటికంటె చిన్నవి కలవు. ప్రతి దానికిని నడుమ రంధ్రమున్నది.

ప్రియ పాఠకులారా, పరమగీతమును ఇకముందు చదువునప్పుడు రత్నములయొద్ద ఒక నిమిషము ఆగుడి. వాటిని చూచి సిగ్గుపడవలసిన పని లేదు; వాటిని తొందరపడి సిద్ధాంతములుగా కరిగింపవలసిన పనియు లేదు. భార్యాభర్తల ప్రేమకు దేవుడు ఇచ్చిన ఘనతను అవి మొదట చెప్పుచున్నవి. ప్రేమ ఓపికతో చేయబడునదని, తొలువబడనిది హారములో చేరదని, ఒత్తబడిన ముద్ర మాసిపోరాదని చెప్పుచున్నవి. పిమ్మట అవి మన దృష్టిని ఇంకను పైకి ఎత్తును. తన అరచేతులమీద సీయోనును చెక్కుకొన్న దేవుడు యెషయా గ్రంథములో కనబడును. వెండి బంగారములవంటి క్షయవస్తువులచేత మనము విమోచింపబడలేదని పేతురు మొదటి పత్రికలో బోధించును. ప్రేమ కొనబడదు అని గీతము చెప్పెను. అది ఇయ్యబడెను అని సువార్త చెప్పుచున్నది.